మద్దెల నిజంగానే ఓడైతే?

ఆడలేక మద్దెల ఓడు అన్నారని సామెత. గిటార్ నేర్చుకునేవాళ్ళ మీద ఈ సామెతను ఎంత ఉదారంగా వాడేస్తారో! ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించేదే కార్డ్) పలకడం లేదంటే "ఇంకా ప్రాక్టీస్ చెయ్యి" అంటారు. మూడు నెలలైనా వేలి కొసలు మండుతూనే ఉన్నాయంటే "రాటుదేలాలి, అందరికీ అంతే" అంటారు. ఇన్ని సలహాలిచ్చేవాళ్ళలో ఆ గిటార్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని, మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర తీగ ఎంత ఎత్తున ఉందో చూసేవాళ్ళు బహు తక్కువ. చూస్తే చాలాసార్లు తేలేది ఒకటే. మద్దెల ఓడే.

సెటప్, అంటే తీగల ఎత్తు, మెడ వంపు వాయించేవాళ్ళకు తగ్గట్టు సర్దడం, ఖరీదైన గిటార్లకు చేయించే ముచ్చట అని ఒక అభిప్రాయం పాతుకుపోయింది. నా లెక్కలో అది తలకిందులు వ్యవహారం. బాగా వాయించేవాళ్ళు ఎత్తు తీగల మీద కూడా ఎలాగోలా లాక్కొస్తారు. ఎంత బలం వాడాలో, ఫ్రెట్‌కి ఎంత దగ్గరగా నొక్కాలో వాళ్ళ చేతికి తెలుసు. కొత్తవాళ్ళకు ఆ రెండూ తెలియవు. పైగా చేతిలో ఉండేది ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉన్న గిటార్. అంటే సెటప్ అవసరం ఎవరికి ఎక్కువో వాళ్ళే చేయించుకోవడం లేదు.

ఫ్యాక్టరీవాళ్ళు కావాలనే తీగలు ఎత్తుగా ఉంచి పంపుతారు. అందులో మోసమేమీ లేదు. ఆ గిటార్ ఎండుగాలి తగిలే ఊరికి పోతుందో, తేమ ఊరికి పోతుందో వాళ్ళకు తెలియదు. కొనేవాళ్ళు వేళ్ళతో మెల్లగా మీటుతారో, పిక్ పట్టుకుని బాదుతారో తెలియదు. తీగ ఎత్తుగా ఉంటే కొన్నవాళ్ళు తమ వేళ్ళనే తిట్టుకుంటారు. తీగ కిందికుండి ఫ్రెట్లకు తగిలి జుయ్యిమని బజ్ కొడితే గిటార్‌ను తెచ్చి దుకాణంలో పడేస్తారు. ఇక పనిరీత్యా ఇంకో కారణం: మెడ కొసన తీగలు ఆనే గాడుల పట్టీని నట్ అంటారు; ఎత్తున్న నట్‌ను ఎప్పుడైనా అరగదీయొచ్చు, అరిగిపోయిన నట్ మళ్ళీ మొలవదు. కాబట్టి కొంచెం మిగిల్చి పంపుతారు. ఆ మిగిలింది తీసేయడమే సెటప్‌లో మొదటి సగం.

"యాక్షన్ తగ్గించండి" అని గిటార్‌ను బల్ల మీద పెట్టడం, "జ్వరం తగ్గించండి" అని డాక్టరు ముందు కూర్చోవడం లాంటిది. యాక్షన్ అంటే ఫ్రెట్‌కీ తీగకీ మధ్య ఎత్తు. దాన్ని నిర్ణయించేవి మూడు: నట్ గాడుల లోతు, నెక్‌లో (అంటే గిటార్ మెడలో) ఉన్న వంపు, సాడిల్ (పెట్టె మీద తీగలు ఆనే పట్టీ) ఎత్తు. మూడింటిలో దేని తప్పుకి దానికే మందు. నట్ దగ్గర ఉన్న తప్పుని సాడిల్ దగ్గర సరిచేస్తే పైన పన్నెండో ఫ్రెట్ దాటాక బజ్ మొదలవుతుంది, కింద ఎఫ్ కార్డ్ మాత్రం ఎప్పటిలాగే కొరకరాని కొయ్యగా ఉంటుంది. ఇలా సగం పని చేసిన గిటార్లే ఎక్కువ కనిపిస్తాయి.

కొయ్య ముందు, కొలతలు తర్వాత

12 గేజ్ తీగలు, అంటే సన్నతీగ 0.012 అంగుళాలు ఉండే సెట్, 645 మిల్లీమీటర్ల స్కేల్ (నట్ నుంచి సాడిల్ దాకా తీగ పొడవు) మీద మామూలు ట్యూనింగ్‌లో సుమారు 73 కిలోల బరువుతో లాగుతూ ఉంటుంది. దాన్ని ఆపేది మూడు మిల్లీమీటర్లు కూడా మందం లేని పై చెక్క, దాని కింద ఊతంగా అతికించిన సన్నటి కర్రలు, బ్రేస్‌లు. ఒక మనిషి బరువు పగలూ రాత్రీ ఆ పలక మీద వేలాడుతోందన్నమాట. అందుకే గిటార్ ఎప్పుడూ కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది.

ఆ కదలికకు తేమ తోడవుతుంది. కొయ్య నార పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్‌కు హాయి. 60 దాటి చాలాకాలం ఉంటే పై చెక్క పొట్టలా ఉబ్బి, సాడిల్ కూర్చునే బ్రిడ్జ్‌ను పైకి ఎత్తుతుంది, తీగలు లేస్తాయి. 40 కిందికి పోతే చెక్క లోపలికి కుంగి తీగలు దిగుతాయి, బజ్ వస్తుంది. నెక్ అంచున ఫ్రెట్ల కొసలు చేతికి గీసుకోవడం మొదలుపెడతాయి. ఫ్రెట్లు పొడవు పెరగలేదు, అవి దిగిన పలక, అంటే ఫింగర్‌బోర్డ్ వెడల్పు తగ్గింది. ఇంకా ఎండితే నార వెంబడి పగులు.

అందుకని, ఎండి కుంగిపోయిన గిటార్‌కు సెటప్ చేయడం పని వృథా. బజ్ వస్తోందని పొడుగు సాడిల్ వేస్తే, తేమ తిరిగి వచ్చిన నెలకు తీగలు ఆకాశంలో ఉంటాయి. మంచి పనివాళ్ళు అలాంటి గిటార్‌ను కేసులో తేమ ఇచ్చే పొట్లంతో వారం రోజులు పెట్టి, ఆ తర్వాతే స్కేలు బయటకు తీస్తారు. "ఇవాళ ఇచ్చి ఇవాళే తీసుకెళ్ళండి" అనే మాట వినగానే మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: తేమ కొలిచారా?

రెండో ముందుజాగ్రత్త తీగలు. సెటప్ ఏ గేజ్‌కు చేస్తారో ఆ గేజ్‌కే పనికొస్తుంది. 13 గేజ్ నుంచి 12కు మారితే లాగుడు దాదాపు 10 కిలోలు తగ్గుతుంది. ఆ మేరకు నెక్ వెనక్కి నిటారవుతుంది, నిన్నటిదాకా లేని బజ్ ఇవాళ పలుకుతుంది. పాత తీగలతో సెటప్‌కు ఇవ్వడం కూడా అంతే అర్థంలేని పని. ఫ్రెట్ల మీద నొక్కుళ్ళు పడి, చెమటకు తుప్పు పట్టిన తీగ శ్రుతి ఎక్కడా నిలకడగా పలకదు. దాని మీద తీసిన కొలత దేనికీ కొరగాదు. ఇకమీదట ఏ తీగలు వేయబోతున్నారో ఆ సెట్ కొత్తది గిటార్‌తోపాటే ఇవ్వండి. డ్రాప్ డీ లాంటి కింది ట్యూనింగ్‌లో ఎక్కువగా వాయిస్తే ఆ సంగతీ చెప్పండి.

ట్రస్ రాడ్ చేసే పని, చేయని పని

నెక్ లోపల పొడవునా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, అదే ట్రస్ రాడ్. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూకి దాని మీద 1923లో పేటెంట్ వచ్చింది. మార్టిన్ కంపెనీ మాత్రం 1985 దాకా తిప్పి సర్దుకునే కడ్డీ పెట్టనే లేదు. అంతకుముందు వాళ్ళ నెక్‌లలో ఉన్నది ఊతమే, సర్దుబాటు కాదు. అలాంటి పాత గిటార్‌లో వంపు మార్చాలంటే ఫ్రెట్లు పీకి, మందం కాలున్న ఫ్రెట్లు దిగ్గొట్టాలి. కాబట్టి "ట్రస్ రాడ్ తిప్పేస్తే సరి" అనే సలహా అన్ని గిటార్లకూ అతకదు. చాలా నైలాన్ తీగల గిటార్లలోనూ ఆ కడ్డీ ఉండదు.

ఈ కడ్డీ పని ఒక్కటే: తీగల లాగుడుకు నెక్ ముందుకు వంగకుండా ఎదురు నిలవడం. మీటిన తీగ మధ్యలో వెడల్పుగా ఊగుతుంది కాబట్టి నెక్ గీత గీసినట్టు నిటారుగా ఉండకూడదు. మధ్యలో రవ్వంత పల్లం ఉండాలి. ఆ పల్లాన్నే రిలీఫ్ అంటారు. కొలవడం సులువు. మొదటి ఫ్రెట్‌కు కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) పెట్టండి. ఆరో తీగను (అన్నిటికంటే లావుది), నెక్ పెట్టెలో కలిసే చోట, సాధారణంగా పద్నాలుగో ఫ్రెట్ దగ్గర, నొక్కండి. ఇప్పుడు ఆ తీగే మీ స్కేలు. ఏడో ఫ్రెట్ నెత్తికీ తీగ అడుగుకీ మధ్య సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చండి. 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటే మంచిది. గిటార్ వాయించే భంగిమలో ఉన్నప్పుడే కొలవాలి. వెల్లకిలా పడుకోబెడితే నెక్ బరువే కొలతను మార్చేస్తుంది.

కుడికి, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే కడ్డీ బిగిసి పల్లం తగ్గుతుంది. ఎడమకు తిప్పితే వదులై పల్లం పెరుగుతుంది. ఒకసారికి ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు, అంతకు మించొద్దు. బిగించేముందు తీగలు కాస్త వదులు చేయాలి, తిప్పాక మళ్ళీ శ్రుతి చేసి కొలవాలి. కొయ్య ఆ మార్పును పూర్తిగా ఒప్పుకోవడానికి ఒక రాత్రి పట్టొచ్చు. కడ్డీని తిప్పే గింజ తిరగనని మొండికేస్తే ఆపేయండి, అది చివరికి వచ్చిందని అర్థం. అక్కడ బలం ఉపయోగిస్తే కడ్డీ తెగడమో, గింజ మరలు పోవడమో జరుగుతుంది. ఆ రిపేరు ఖర్చు గిటార్ ఖరీదుతో పోటీ పడుతుంది.

ఇంకో చిన్న విషయం పెద్ద నష్టం చేస్తుంది. 5 మిల్లీమీటర్ల గింజలో 3/16 అంగుళం అలెన్ కీ కూడా దూరుతుంది. దాని అసలు కొలత 4.76 మిల్లీమీటర్లు. ఆ పావు మిల్లీమీటరు సందే గింజ మూలలను గుండ్రంగా కోసేస్తుంది. కీ వదులుగా అనిపిస్తే అది ఆ గింజకు కీ కాదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, యాక్షన్ దించడానికి ట్రస్ రాడ్ బిగించడమంత సర్వసాధారణమైన తప్పు ఇంకోటి లేదు. బిగిస్తే తీగ కొంత దిగుతుంది, నిజమే. నెక్ వెనక్కి వంగడం వల్ల దిగుతుంది. అప్పుడు మొదటి నాలుగైదు ఫ్రెట్లలో బజ్ మొదలవుతుంది. ఆ బజ్ పోవాలని సాడిల్ ఎత్తుతారు. తీగలు మళ్ళీ మొదటికొస్తాయి. రెండు పనులూ చేశారు, రెండూ తప్పే, గిటార్ మాత్రం మునుపటికంటే అధ్వాన్నం. రిలీఫ్‌ను రిలీఫ్‌గానే చూడాలి: అంకె సరిగ్గా ఉందా లేదా అంతే.

ఎవరూ పట్టించుకోని నట్

నా వాదనంతా నిజానికి ఇక్కడుంది. కొత్తవాళ్ళు వాయించేదంతా మొదటి మూడు ఫ్రెట్లలో. సీ, జీ, డీ, ఏ మైనర్, ఈ మైనర్, ఆ మహానుభావుడు ఎఫ్. అక్కడ తీగ ఎంత గట్టిగా ఉంటుందో తేల్చేది నట్. సాడిల్‌ను ఒక మిల్లీమీటరు దించినా మొదటి ఫ్రెట్ దగ్గర తీగ దిగేది ఆరు శాతం లోపు. వెంట్రుక మందం. ఎఫ్ కార్డ్ పట్టే వేలికి అది తెలియనే తెలియదు. అదే నట్ గాడిని 0.3 మిల్లీమీటర్లు లోతు చేస్తే ఆ తగ్గుదల దాదాపు మొత్తంగా మొదటి ఫ్రెట్‌కు అందుతుంది.

ఒక నిమిషంలో తేల్చుకునే పరీక్ష చెబుతాను. గిటార్‌ను శ్రుతి చేయండి. తీగను రెండో ఫ్రెట్‌కూ మూడో ఫ్రెట్‌కూ మధ్య నొక్కి పట్టండి. ఇప్పుడు మొదటి ఫ్రెట్ మీద చూడండి. తీగ ఆ ఫ్రెట్‌కు తగిలీ తగలనట్టు ఉండాలి. రెండో చేతి వేలితో అక్కడ తీగ మీద తట్టితే సన్నగా "టిక్" మని వినిపించాలి. మామూలు ప్రింటర్ కాగితం మందం 0.1 మిల్లీమీటరు. లావు తీగ కింద ఆ కాగితమంత సందు, సన్నతీగ కింద అందులో సగం, అంతే కావాల్సింది. కాగితాన్ని నాలుగు పొరలుగా మడిచి పెట్టినా సులువుగా దూరిపోతుంటే మీ వేళ్ళను నిందించడం మానేయండి. అసలు సందే లేకపోతే, తట్టినా చప్పుడు లేకపోతే, గాడి ఎక్కువ లోతైపోయింది. ఖాళీ తీగ మీటినప్పుడు మాత్రమే బజ్ వచ్చి, ఎక్కడ నొక్కినా మాయమయ్యేది ఇలాంటి గిటార్‌లోనే.

నట్ ఎత్తు వల్ల నొప్పి ఒక్కటే కాదు, శ్రుతి కూడా పోతుంది. ఎత్తున్న తీగను మొదటి ఫ్రెట్ దాకా నొక్కడమంటే దాన్ని సాగదీయడమే. ఖాళీ తీగ ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) మీద సరిగ్గా నడుమ నిలబడి, మొదటి ఫ్రెట్ నొక్కగానే ముల్లు పది పదిహేను సెంట్లు (పక్కపక్క ఫ్రెట్ల మధ్య తేడా వంద సెంట్లు) పైకి పోతే అది నట్ చేసిన పని. "శ్రుతి చేసినా కార్డ్ ఏదోలా ఉంది" అనే ఫిర్యాదులో పెద్ద వాటా దీనిదే. ట్యూనర్ మార్చినా, ఖరీదైన తీగలు వేసినా అది పోదు.

గాడి కోయడం చూడ్డానికి చిన్న పని, చేయడానికి చాలా పెద్ద పని. ఒక్కో తీగ మందానికి ఒక్కో ఆకురాయి ఉంటుంది. గాడి వెడల్పు తీగకంటే రవ్వంతే ఎక్కువుండాలి. బిగుతైతే ట్యూన్ చేసేటప్పుడు తీగ పట్టుకుని, "టింగ్" మని ఒక్కసారి జారి శ్రుతి దాటిపోతుంది. వదులైతే తీగ పక్కలకు కదిలి జీరగా పలుకుతుంది. గాడి అడుగు ట్యూనింగ్ పెగ్‌ల వైపు వాలి ఉండాలి, తీగ నట్‌ను వదిలే చోటు ఫింగర్‌బోర్డ్ వైపు అంచు కావాలి. వాలు తిరగబడి వెనక అంచు ఎత్తైతే తీగ నట్ మధ్యలో ఎక్కడో ఆని, సితార్‌లా జుమ్మని మోగుతుంది. సితార్‌కు అది అందం, గిటార్‌కు రోగం. ఆకురాయి నాలుగు సార్లు లాగి, తీగ వేసి, శ్రుతి చేసి, చూసి, మళ్ళీ తీసి రెండు సార్లు లాగడం, ఇదీ పద్ధతి. చివరి రెండు లాగుళ్ళలోనే నట్లు చెడిపోతాయి.

గాడి మరీ లోతైతే వంటసోడా పొడి పోసి సూపర్‌గ్లూ చుక్క వేసి పూడ్చే చిట్కా ఒకటుంది. గట్టిగానే పడుతుంది, మళ్ళీ గాడి కోసుకోవచ్చు. కొన్నాళ్ళకు తీగ రాపిడికి అరుగుతుంది. ఎముక నట్ అయితే ఎముక పొడితోనే పూడ్చడం మేలు. శాశ్వతంగా కావాలంటే కొత్త నట్.

రిలీఫ్ కొలవడం, సాడిల్ రుద్దడం ఇంట్లో నేర్చుకోదగ్గవే. నట్ మాత్రం ఆ ఆకురాళ్ళ సెట్, అలవాటైన చెయ్యి ఉన్నవాళ్ళకే ఇవ్వండి. పనివాళ్ళకు ఇచ్చే డబ్బులో అసలు విలువ అక్కడే ఉంది.

సాడిల్: రెండింతల లెక్క

రిలీఫ్, నట్ రెండూ కుదిరాకే సాడిల్ జోలికి వెళ్ళాలి. నట్ దించితే పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎత్తు కూడా అందులో సగం దిగుతుంది కాబట్టి, వరస తప్పితే చేసిన లెక్క మళ్ళీ చేయాలి.

పన్నెండో ఫ్రెట్ దగ్గర కొలిచే ఎత్తులకు అందరూ కాస్త అటూఇటుగా ఒప్పుకునే అంకెలున్నాయి: లావు తీగకు 2.4 మిల్లీమీటర్లు, సన్నతీగకు 1.8. వేళ్ళతో మెల్లగా మీటేవాళ్ళు 2.0, 1.6 దాకా దిగొచ్చు. పిక్‌తో గట్టిగా స్ట్రమ్ చేసేవాళ్ళకు 2.8 కూడా న్యాయమే. నైలాన్ తీగలు వెడల్పుగా ఊగుతాయి కాబట్టి వాటికి 3 నుంచి 4 మామూలు. అందరికీ ఒకే అంకె అని ఎవరైనా అంటే నమ్మకండి. మీ ముందు ఒక పాట వాయించి చూపించమని అడిగి, ఆ తర్వాత అంకె చెప్పేవాళ్ళే అసలు పనివాళ్ళు.

పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా నడుమ ఉంటుంది. అక్కడ ఎంత దించాలో అంతకు రెండింతలు సాడిల్ దగ్గర తీయాలి. లావు తీగ 3.0 ఉంది, 2.4 కావాలి. తేడా 0.6, కాబట్టి సాడిల్‌లో ఆ వైపు 1.2 పోవాలి. సన్నతీగ 2.2 ఉంది, 1.8 కావాలి, ఆ వైపు 0.8 పోవాలి. సాడిల్ బయటికి లాగి, అడుగు నుంచి ఈ రెండు ఎత్తులూ గుర్తుపెట్టి, సన్న మొన పెన్సిల్‌తో గీత కలపండి. అద్దం ముక్క మీద 150 నంబరు గరుకు కాగితం అతికించి, సాడిల్‌ను నిలువుగా పట్టుకుని ఒకే దిశలో రుద్దండి. ముందు వెనకలకు రుద్దితే చెయ్యి తెలియకుండానే ఊగి అడుగు గుండ్రమవుతుంది. అడుగంతా పెన్సిల్‌తో గీకి రెండుసార్లు రుద్ది చూస్తే, గీతలు ఎక్కడ మిగిలాయో అక్కడ పల్లం ఉన్నట్టు. గీతకు 0.2 ముందే ఆగి, తీగలు వేసి చూసుకోండి.

పైనుంచి రుద్దకూడదు. సాడిల్ పై అంచు ఫింగర్‌బోర్డ్ వంపుకు సరిపోయేలా చెక్కి ఉంటుంది. పైగా సాడిల్ కింద పికప్ (ధ్వనిని యాంప్‌కు పంపేది) ఉన్న గిటార్‌లో అడుగు సమతలంగా లేకపోతే యాంప్‌లో ఒక తీగ గట్టిగా, ఒక తీగ మూగగా వినిపిస్తుంది. "రెండో తీగ సౌండ్ రావట్లేదు, పికప్ పాడైంది" అని తెచ్చిన గిటార్లలో చాలావాటికి పికప్‌లో లోపమేమీ ఉండదు. సాడిల్ అడుగు చూసుకుంటే సరిపోయేది. సాడిల్ గాడిలో వదులుగా ఉండి ముందుకు వాలితే కూడా శ్రుతి తేడా వస్తుంది. దానికి వేరే మందం సాడిల్ వేయాల్సిందే, కాగితం ముక్కలు కుక్కడం కాదు.

ఎముక గొప్పదా, కృత్రిమ పదార్థం గొప్పదా అనే చర్చ రాత్రుళ్ళు రాత్రుళ్ళు నడుస్తుంది. బోలు ప్లాస్టిక్ సాడిల్‌కు బదులు ఎముక వేస్తే తేడా వినిపిస్తుంది. సరిగ్గా కూర్చున్న టస్క్ అనే కృత్రిమ పదార్థపు సాడిల్‌కూ, సరిగ్గా కూర్చున్న ఎముక సాడిల్‌కూ మధ్య తేడా కోసం నిద్ర మానుకోనక్కర్లేదు. సరిగ్గా కూర్చోవడమే ముఖ్యం.

బజ్ ఎక్కడ, శ్రుతి ఎంత

బజ్ వస్తోంది అని ఊరుకోకుండా, ఎక్కడ వస్తోందో పట్టుకుంటే సగం రోగనిర్ధారణ మీదే. ఖాళీ తీగకైతే నట్ అని చెప్పుకున్నాం. మొదటి నాలుగైదు ఫ్రెట్లలో అయితే పల్లం చాలలేదు. పన్నెండు పైన మాత్రమే అయితే సాడిల్ తక్కువుండాలి, లేదా పెట్టెలో కలిసే చోట ఫింగర్‌బోర్డ్ గూనిలా లేచి ఉండాలి. ఒకే ఒక్క చోట, ఉదాహరణకు ఆరో ఫ్రెట్ నొక్కినప్పుడు మాత్రమే అయితే ఏడోది ఎత్తుగా ఉంది. చిన్న ఉక్కు పట్టీని మూడు ఫ్రెట్ల మీద ఆనించి అటూ ఇటూ ఊపితే మధ్య ఫ్రెట్ ఎత్తు "టకటక" మని బయటపడుతుంది. అది ఊడి లేచిందైతే నొక్కి అతికిస్తే చాలు. నిజంగానే ఎత్తైతే ఆకురాయి పడాలి, ఆ తర్వాత నెత్తి మళ్ళీ గుండ్రంగా చెక్కాలి. చదునుగా వదిలేసిన ఫ్రెట్ మీద తీగ ఎక్కడ ఆనుతుందో దానికే తెలియదు.

ఏ ఫ్రెట్‌తోనూ సంబంధం లేకుండా, ఒక స్వరానికి మాత్రమే గలగలమంటే గిటార్ లోపలా పైనా వెతకండి: ఊడిన బ్రేస్, వదులైన పెగ్ గింజ, పెట్టెకు తగులుతున్న పికప్ వైరు, పెగ్ దగ్గర కత్తిరించకుండా వదిలేసిన తీగ తోక. సెటప్ అంతా చేయించి, చివరికి ఆ తోక కత్తిరిస్తే బజ్ పోయిన గిటార్లు ఈ లోకంలో లేకపోలేదు.

సాడిల్ వాలుగా ఎందుకు ఉంటుందో ఇక్కడే చెప్పాలి. నొక్కినప్పుడు ప్రతి తీగా కొంత సాగి హెచ్చు పలుకుతుంది. లావు తీగలకు బిరుసు కూడా తోడవుతుంది. ఆ హెచ్చును రద్దు చేయడానికి లావు తీగకు ఎక్కువ పొడవు ఇస్తారు. చుట్టు లేని తీగల్లో రెండోది లావు కాబట్టి దాని ఆనిక చోటును ఇంకాస్త వెనక్కి చెక్కుతారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (నొక్కకుండా తీగను తాకి పలికించే స్వరం), నొక్కిన స్వరం ట్యూనర్ మీద కలిసి రావాలి. అకూస్టిక్‌లో రెండు మూడు సెంట్ల తేడా ఉంటే సంతోషించండి.

అన్నీ చేసినా 'ఈ' మేజర్ (E) కార్డ్‌లో మూడో తీగ రవ్వంత హెచ్చుగా వినిపిస్తుంది. అది సెటప్ తప్పు కాదు. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసిన ఫ్రెట్లలో షడ్జం నుంచి అంతర గాంధారం 400 సెంట్ల దగ్గర పడుతుంది, చెవికి తియ్యగా ఉండే గాంధారం 386 దగ్గర ఉంటుంది. ఆ పద్నాలుగు సెంట్లే మీ చెవిని గుచ్చుతున్నవి. తియ్యదనం కోసం మూడో తీగను దించారా, జీ కార్డ్‌లో షడ్జమే దిగిపోతుంది. మంచి చెవి ఉన్నవాళ్ళే ఈ సుడిలో ఎక్కువ పడతారు, పనివాళ్ళతో గొడవకూ దిగుతారు.

సెటప్‌తో తీరనిది

సాడిల్ బ్రిడ్జ్ పైకి మూడు మిల్లీమీటర్ల దాకా కనిపిస్తూ ఉండాలి. అది బ్రిడ్జ్‌లో మునిగిపోయేదాకా అరగదీసినా తీగలు ఇంకా ఎత్తుగానే ఉంటే జబ్బు వేరే: నెక్ పెట్టెకు కలిసే కోణమే మారిపోయింది. ఏళ్ళ తరబడి లాగిన లాగుడు ఫలితం. ఫ్రెట్ల మీద పొడవైన తిన్నటి స్కేలు పెట్టి బ్రిడ్జ్ వైపు జరిపితే దాని కొస బ్రిడ్జ్ నెత్తిని తాకీ తాకనట్టు ఉండాలి. బ్రిడ్జ్ ముఖానికి గుద్దుకుంటే నెక్ రీసెట్ కావాలి. డవ్‌టెయిల్ (కొయ్యలో కొయ్య ఇరికించే) అతుకున్న గిటార్‌లో ఆవిరి పట్టి జిగురు కరిగించి, నెక్ ఊడదీసి, కోణం చెక్కి మళ్ళీ అతికించాలి. టేలర్ గిటార్లలో 1999 నుంచి వస్తున్న బోల్ట్ నెక్‌కైతే సన్నటి పలకలు మార్చితే సరిపోతుంది. మామూలు గిటార్‌కు రీసెట్ ఖర్చు పెట్టడం చాలాసార్లు దండగే, ఆ మాట ముఖం మీద చెప్పే పనివాళ్ళను వదులుకోకండి. బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం దూరుతోందా అన్నది కూడా ముందే చూసుకోవాలి. దూరితే బ్రిడ్జ్ లేస్తోంది. దాన్ని అతికించకుండా యాక్షన్ సర్దడం కూలే గోడకు సున్నం వేయడమే.

గిటార్ ఇచ్చేటప్పుడు ఉన్న అంకెలు, తీసుకునేటప్పుడు ఉన్న అంకెలు రాయించుకోండి: తీగల గేజ్, తేమ శాతం, రిలీఫ్, మొదటి ఫ్రెట్ దగ్గర సందు, పన్నెండో ఫ్రెట్ దగ్గర రెండు వైపులా ఎత్తు. చీటీ మీద ఆరు అంకెలు పడతాయి. "స్మూత్‌గా చేశాం సార్" అనేది కొలత కాదు. అంకెలు అడిగితే చిరాకు పడేవాళ్ళు కొలవకుండానే చేశారని అర్థం చేసుకోవచ్చు. ఆరునెలల తర్వాత తీగలు లేచాయనిపిస్తే, మారింది నెక్కా, పై చెక్కా అన్నది ఆ చీటీయే చెబుతుంది. రిలీఫ్ మారకుండా పన్నెండో ఫ్రెట్ ఎత్తు మాత్రమే పెరిగితే ట్రస్ రాడ్‌ను ముట్టుకోకండి, చెక్క ఉబ్బింది.

పాత సాడిల్‌ను మాత్రం పారేయనివ్వకండి. కొత్తది వేయించుకుని, పాతదాన్ని కొలత రాసిన చిన్న కవరులో పెట్టి కేసులో పడేయండి. గాలి ఎండిపోయి పై చెక్క కుంగి, అన్ని తీగలూ బజ్ కొట్టే నెలల్లో, అరగదీయని ఆ పొడుగు సాడిల్‌నే కావలసినంత మాత్రం రుద్ది వేసుకోవచ్చు. తేమ తిరిగి రాగానే పొట్టిది వేసుకోండి. రెండు కాలాలకు రెండు సాడిళ్ళు, మార్చడానికి పది నిమిషాలు.